ఎండెల్ దాచిన ప్లగ్గులు

ఇలా పొయ్యి దగ్గరికి జరుగు తల్లీ. ఆ ఊలు ఉండ ఒళ్ళో పెట్టుకుని నువ్వు చుడుతూ ఉండు, నేను చెబుతూ ఉంటాను. ఇది సాల్మె సంగతి. రేవుదారి సాల్మె కాదు, ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. ఈవిడ పైన్ తోపు పక్కింటి సాల్మె, ఎండెల్ భార్య.

మన కిహ్ను దీవిలో మగవాళ్ళు సముద్రం మీదా ఆడవాళ్ళు మోటారుసైకిలు మీదా ఉంటారన్నది నీకు నేను చెప్పాలా! ఎండెల్ అయితే జన్మలో హ్యాండిల్ ముట్టుకోలేదు. పడవ దిగి రేవులో నిలబడేవాడు, సాల్మె చారల గాగ్రా మోకాళ్ళ కింద దోపుకుని బండి తెచ్చేది. ఆ బండి ఒకసారి ఆగిందంటే మళ్ళీ అంటుకోవడానికి సతాయించేది కాబట్టి రేవులో ఇంజను ఆపేది కాదు. ఎండెల్ చేపల డబ్బాలు బండి పక్కన బిగించిన తొట్టిలో సర్ది, తానూ ఎక్కి కూర్చుని, తొట్టి అంచు మీద రెండుసార్లు తట్టేవాడు. పోనీయమని అర్థం. నలభై ఏళ్ళు వాళ్ళ కాపురంలో సగం మాటలు ఆ రెండు తట్లే. పడవ ఇంకా గట్టు చేరకముందే, ఒడ్డున ఇరవై బండ్లు మోగుతున్నా, మాది వచ్చేసిందని పక్కవాళ్ళకు చెప్పేవాడట.

నడపడం ఆవిడ పనైతే, చలికాలానికి బండిని పడుకోబెట్టడం, వసంతంలో లేపడం ఆయన పని. అక్టోబరు రాగానే కొట్టంలోకి తోసి, ట్యాంకు ఖాళీ చేసి, బ్యాటరీ విప్పి మంచం కిందికి తెచ్చేవాడు. ఇంజనుకు రెండు వైపులా ఉండే స్పార్కు ప్లగ్గులు ఊడదీసి, ఆ రంధ్రాల్లో తలా ఒక చెంచా నూనె పోసి, గుడ్డపీలికలు కుక్కేవాడు. లోపల తుప్పు పట్టకూడదని. సాల్మె ఆలుగడ్డలు ఒలుస్తూ కిటికీలోంచి చూసేదే తప్ప ఏనాడూ ఆ పనిలో వేలు పెట్టలేదు.

ఒక ఏడు ఫిబ్రవరిలో, వల బాగుచేస్తూ కూర్చున్న ఎండెల్ కూర్చున్నట్టే పోయాడు. నేల రాయిలా గడ్డకట్టి ఉంది. నలుగురు మనుషులు మంట వేసి, గునపాలతో పొడిచి గొయ్యి తీశారు. సాల్మె ఇంట్లో తన అల్లికల పెట్టె తెరిచి, ఆచారం ప్రకారం, తవ్విన నలుగురికీ తన చేత్తో అల్లిన ఊలు చేతితొడుగులు తలా ఒక జత ఇచ్చింది. మట్టి పూడ్చాక సమాధి మీదికి వంగి, మంచు కరిగి దారి తేలగానే నా బండి మీద వస్తానని చెప్పింది. ఆ మాట పక్కన నిలబడ్డ స్నేహితురాలు రోసి ఒక్కతే విన్నది.

ఏప్రిల్లో దారి తేలింది. శ్మశానం నాలుగు కిలోమీటర్లు, సాల్మె మోకాళ్ళు అంత దూరం మోయవు. రోసి తన బండి తెచ్చి గుమ్మం ముందు ఆపింది.

“ఎక్కవే. పావుగంటలో దింపుతాను.”

“చేపల డబ్బాలాగా రాలేను రోసీ.”

“చేపల డబ్బా ఇంత సణగదు.”

రోసి నవ్వించాలని చూసింది గానీ సాల్మె నవ్వలేదు. ఆయనకు నీ బండి చప్పుడు తెలియదే, నాదే తెలుసు, అన్నది. రోసి బండి దిగి ఆవిడ వెంట కొట్టంలోకి నడిచింది.

బండి మీది దుప్పటి తీసి చూస్తే రంధ్రాల్లో గుడ్డపీలికలు ఉన్నాయి, ప్లగ్గులు లేవు. పనిముట్ల పెట్టె, కిటికీ గట్టు, వలల గది, ఆయన కోటు జేబులు, చివరికి పిండి డబ్బా కూడా వెతికారు. రోసి బండివి ఊడదీసి పెడదామంటే మరలు కలవలేదు. సముద్రం అవతలి పెద్దగట్టు నుంచి కొత్తవి తెప్పిద్దామంటే గడ్డకట్టిన సముద్రం మీది దారి కరుగుతోందని మూసేశారు, పడవ ఇంకా మొదలు కాలేదు. రెండు వారాలు ఆగవే అన్నది రోసి. రెండు నెలలు ఆగాను అన్నది సాల్మె.

రోసి వెళ్ళాక, తడిసిన చేతితొడుగులు పొయ్యి మీది తీగకు వేయబోతూ సాల్మె ఆగిపోయింది. ఇనుము చలికి చెమట పడుతుంది, ఊల్లో ఉంచాలి, అంటూ ఎండెల్ ప్రతి ఏడూ ప్లగ్గులు పెట్టడానికి జత పోయిన ఒంటి చేతితొడుగు ఒకటి అడిగి తీసుకునేవాడు. పోయిన అక్టోబరులో అడగలేదు. అల్లికల పెట్టె వైపు చూసింది. తనే అందులోంచి ఒక తొడుగు తీసి, ప్లగ్గులు పెట్టి, మళ్ళీ అక్కడే దాచి ఉంటాడు. ఆ రోజు పంచిన జతల్లో ఒకటి, నీలం అలల అల్లికది, బరువుగా అనిపించింది. ఏడ్చి ఏడ్చి చేతుల్లో సత్తువ పోయిందనుకుని, గొయ్యి తవ్విన నలుగురిలో ఒకడైన తోనిస్ చేతిలో పెట్టేసింది.

మోకాళ్ళ సంగతి మరిచిపోయి తోనిస్ ఇంటికి బయలుదేరింది. అంత దూరం పోనక్కర్లేకపోయింది, అతనే ఎదురొచ్చాడు. ఒక భుజాన పార, చంకలో గుడ్డమూట. ఆవిడను చూడగానే తల దించుకున్నాడు.

“ఎక్కడికిరా తోనిస్?”

“శ్మశానానికే అక్కా. నేల మెత్తబడింది కదా.” కాసేపు పార కర్రను గోటితో గీకాడు. “నువ్వు అప్పగించిన పని ఆ రోజు చెయ్యలేకపోయాను. తొడుగులు ఇంటికెళ్ళి విప్పితే లోపల ప్లగ్గులున్నాయి. బావతో పాటు గోతిలో పెట్టమని నాకిచ్చావని అప్పుడు అర్థమైంది. అప్పటికే పూడ్చేశాం. అప్పటి నుంచీ నీ మొహం చూడలేక మీ వీధికే రాలేదు.”

ఇంకొక్క గంట ఆలస్యమైతే అవి మట్టిలో ఉండేవి. సాల్మె దారి పక్క బండరాయి మీద కూర్చుని జరిగింది చెప్పింది. తోనిస్ మూట విప్పాడు. ఆయన చేత్తో చుట్టిన నూనెగుడ్డ చుట్టినట్టే ఉంది.

“ఇవి తీసుకో. తొడుగులు మాత్రం ఇవ్వను. గొయ్యి తవ్వినందుకు ఇచ్చినవి తిరిగివ్వకూడదు.”

“ఎవడడిగాడురా? చిరిగేదాకా వేసుకో. చిరిగితే నేనే కుట్టి ఇస్తాను.”

కొట్టానికి తిరిగొచ్చి, కిటికీలోంచి చూసిన నలభై అక్టోబర్లనూ, చివరి పని నుంచి మొదటి పనికి తిరగేసి గుర్తు చేసుకుంది. మంచం కింది బ్యాటరీ తెచ్చి బిగించింది. డబ్బాలోని పెట్రోలు పోసింది. కార్బురేటర్ మీది బొడిపెను పెట్రోలు పొంగి వేలు తడిసేదాకా నొక్కింది. గుడ్డపీలికలు లాగుతుంటే వేళ్ళకు నూనె అంటింది. అప్పుడు తట్టిందమ్మా ఆవిడకు. ఈ బండికి ఆయన చేసిన ఆఖరి పని ఈ నూనే. బండి అంటుకుంటే ఇది కాలిపోతుంది.

ప్లగ్గులు చేతిలో పట్టుకుని అక్కడే నిలబడింది. పీలికలు మళ్ళీ కుక్కేసి, దుప్పటి కప్పేసి, ఆ రెండు చెంచాలూ అలాగే ఉంచుకుందామా అనుకుంది. కాదని ఎవరనగలరు? కానీ మాట ఇచ్చింది ఆయనకే, నూనె పోసింది కూడా బండి లేవాలనే. ప్లగ్గులు బిగించింది.

కిక్కు కొట్టింది. ఏమీ లేదు. పదిసార్లు కొట్టింది. పదకొండోదానికి దగ్గింది. మరో మూడింటికి అంటుకుంది. వెనక గొట్టాల్లోంచి తెల్లగా, నీలంగా పొగ లేచి కొట్టమంతా నిండిపోయింది. చప్పుడు విని పరుగెత్తుకొచ్చిన రోసి, బయటికి రావే, ఊపిరాడక చస్తావు, అని గుమ్మంలోంచి కేకలేసింది. సాల్మె కదల్లేదు. కళ్ళు మండుతున్నా ఆ పొగలోనే నిలబడింది, అది పలచబడేదాకా.

ఖాళీ తొట్టి మలుపుల్లో గాల్లోకి లేస్తుంది. బరువుకు నేను కూర్చుంటానని రోసి అడిగింది. సాల్మె వద్దని, ఎండెల్ వలకు కట్టే పెద్ద రాయిని తొట్టిలో పెట్టించింది. దుఃఖం పాటిస్తూ కట్టుకున్న నల్లగాగ్రా దోపుకుని బయలుదేరింది.

శ్మశానం గేటు ముందు ఆపింది. దిగలేదు, ఇంజనూ ఆపలేదు. రేవులో ఆగినట్టే ఆగింది. పైన్ చెట్ల మధ్య ఆ చప్పుడు పోయి సమాధుల దాకా వినిపిస్తూనే ఉంది. తొట్టి వైపు చూడకుండా, ఎదురుగా చూస్తూ కూర్చుంది. ఆ రెండు తట్ల కోసం ఆవిడ వీపంతా ఎదురుచూసిందట, తరవాత నాతో చెప్పింది.

చివరికి కుడిచెయ్యి హ్యాండిల్ మీంచి తీసి, తొట్టి అంచు మీద తానే రెండుసార్లు తట్టింది. గేరు వేసి రేవు వైపు తిప్పింది.

అంతే తల్లీ. ఆ ఉండ ఇలా ఇవ్వు, వదులుగా చుట్టావు. నీకూ ఒక రోజు మనవరాళ్ళు ఉంటారు, వాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని ఇది చెప్పు. నెలల లెక్క మరిచిపోయినా పరవాలేదు, రోసి మాటలు నీకు తోచినట్టు మార్చుకో. ఆ పొగలో సాల్మె నిలబడ్డ సంగతి మాత్రం వదిలిపెట్టకు.