అల ఎత్తు

చెల్లెలు సంచి సర్దుతుంటే అక్క అటువైపు చూడలేదు. రెండు జతల బట్టలు, రబ్బరు బూట్లు, కొలిచే టేపు, వానకోటు. జిప్పు పడక చెల్లెలు సంచి మీదెక్కి కూర్చుంది. అక్క కళ్ళు మాత్రం కంప్యూటరు తెర మీదే ఉన్నాయి.

తెరలో ఒక సరస్సు, దాని మీద తేలే వంతెన. ఇంకా కట్టని వంతెన అది. అక్కాచెల్లెళ్ళతో కలిపి నాలుగు ఊళ్ళలోని ఆరుగురు ఇంజనీర్లు ఒకే వెబ్ పేజీ తెరుచుకుని, రెండేళ్ళుగా దాన్ని అందులోనే కట్టి చూస్తున్నారు. ఒకరు పలక పెడితే మరొకరు లంగరు గొలుసు బిగిస్తారు, ఇంకొకరు గాలి వీయిస్తారు. ఎవరు ఎక్కడ పని చేస్తుంటే అక్కడ వాళ్ళ రంగు చుక్క కదులుతుంది. అక్కది నారింజ, చెల్లెలిది ఆకుపచ్చ. ఒక్కోసారి పని అయిపోయాక కూడా ఆ రెండు చుక్కలూ ఊరికే పక్కపక్కన నడిచేవి. కింద నీళ్ళు చప్పుడు లేకుండా ఊగేవి. లేని గాలికి జుట్టు చెదిరినట్టు అక్క నుదురు సవరించుకునేది.

ఇప్పుడు అసలు సరస్సులో గొలుసులు దించాలి. అందుకు చెల్లెలు సాయంత్రం బండికి వెళ్ళాలి. చివరి పరీక్షలో వంతెన నిలిస్తేనే ప్రయాణం, లేకుంటే లేదు.

మధ్యాహ్నం పరీక్షలో వంతెన తెగింది. పలకలు ఒక్కొక్కటే విడిపోయి, నిద్రలో జారిన దుప్పటిలా మెల్లగా తేలుతూ పోయాయి.

"అయ్యో, ఆగిపోయినట్టేనా?" అంది అక్క. గొంతులో దిగులు సరిగ్గా కుదరలేదు.

చెల్లెలు వచ్చి ఆమె భుజం మీంచి వంగి చూసింది. అల ఎత్తు తొమ్మిది అడుగులు. ఆ అంకె నారింజ రంగులో ఉంది. ఎవరు మారిస్తే వాళ్ళ రంగు అంకెకు అంటుకుంటుందని, రెండేళ్ళు అందులోనే బతికిన అక్కకు అది మార్చే ఘడియలో గుర్తు రాలేదు.

"అక్కా, ఆ సరస్సులో మూడడుగుల అల లేస్తే గొప్ప. గోరంతలు కొండంతలు చెయ్యడం నీకు మామూలే, లెక్కల్లో కూడానా?"

"ఏం, రాదని ఎవరైనా రాసిచ్చారా నీకు?"

"ఎవరైనా తుమ్మితే తుఫానంటావు నువ్వు."

"నవ్వకే. నిన్నొక్కదాన్నీ పంపించి నేనెలా ఉండనే?"

చెల్లెలు నవ్వు ఆపింది. పేజీలో పెద్ద ఇంజనీరు అడుగుతున్నాడు, తొమ్మిదే ఖాయమా, ప్రయాణం మానేద్దామా అని. అలల లెక్క అక్కది. అందులో ఆమె మాటకు తిరుగులేదు.

"నేను ముట్టుకోను. నిజమేదో నువ్వే రాయి," అంది చెల్లెలు. "తొమ్మిదంటే సంచి విప్పేస్తా, ఒట్టు."

అక్క చాలాసేపు నీళ్ళను చూసింది. మిగతా చుక్కలన్నీ ఒడ్డున ఆగి ఉన్నాయి. తొమ్మిది చెరిపి మూడు వేసింది. చెదిరిన పలకలు తిరిగి వచ్చి చేరాయి. గొలుసులు ఒకసారి బిగిసి వదులయ్యాయి. వంతెన నిలిచింది.

"బూట్లు తడిస్తే ఆరబెట్టుకోవే."

"అలాగేలే, నాయనమ్మా!"

చెల్లెలు తిరిగి రాలేదు. ఆ నెల ఇరవై ఆరున, గురువారం పొద్దున, నాలుగో గొలుసు దించుతుండగా పడవ తిరగబడింది. ఆమె సరస్సులోనే పోయింది.