తొమ్మిదో సూచన

క్యాప్టెన్ బూట్లను బల్లమీదికి విసిరిన చప్పుడుకి, నోట్లో ఉన్న ఏడు మేకుల్లో ఒకటి బూట్లు కుట్టే మామ పెదవిలో గుచ్చుకుంది.

"ఇవి ఎవరో తొడిగి వదిలేసిన బూట్లు. అవునా, కాదా?"

జవాబు చెప్పాలంటే మామ ముందు మేకులు తియ్యాలి. ఒక్కొక్కటే తీసి అరచేతిలో పెట్టుకునేలోపు క్యాప్టెన్ చెప్పాల్సిందంతా చెప్పేశాడు. పొద్దున కవాతులో తొమ్మిదో మైలు దగ్గర రెండువందల పదిహేడో నంబరు కుర్రాడు కుప్పకూలిపోయాడు. రెండు మడమలూ చీము పట్టాయి. నూట నాలుగు జ్వరం. మూడు రోజులుగా నొప్పి దాచుకుని నడిచాడట. ఎడమ మడమకి కత్తి పెట్టాలో వద్దో సాయంత్రానికి తేలుతుందట. బూటులో చెయ్యి పెట్టి చూసి, లోపల ఉన్నది ఈ కుర్రాడి కాలి అచ్చు కాదని చెప్పింది డాక్టరమ్మే.

"చేరడానికి నెలన్నర ముందే ఈ జత పార్సిల్ కట్టి వాళ్లింటికి పంపింది మీరు. వాడు చేరిన రోజు చూసి ముద్ర వేసింది మీరే. కొత్తవి బయట అమ్ముకుని, పాతవాటికి రంగేసి అంటగట్టారని నేననడం లేదు. కానీ అయిదు గంటలకి విచారణలో అందరూ అనేది అదే." క్యాప్టెన్ గొంతు కొంచెం తగ్గింది. "ఎవరు తొడిగారో చెప్పండి. చెప్పలేకపోతే ఆ ముద్ర నా బల్లమీద పెట్టి వెళ్లిపోండి."

గోడ గడియారంలో టైము తొమ్మిదింపావు.

ఆ సైనిక అకాడమీలో అతని పేరు ఎవరికీ గుర్తులేదు. జీతాల గుమాస్తా కూడా 'మేకుల మామ' అనే పిలుస్తాడు. బక్కపలచని మనిషి. ఎడమ బొటనవేలి గోరు సుత్తి దెబ్బలకి నల్లబడి, ఇక మళ్లీ తెల్లగా మొలవడం మానేసింది. ఎదుటివాళ్ల మొహం చూసి మాట్లాడడు. కాళ్లు చూసి మాట్లాడతాడు. "నేను చచ్చాక నా మొహం నీకు గుర్తుండదు, చెప్పులే గుర్తుంటాయి" అనేది భార్య. ఆమె పోయి ఆరేళ్లయింది. మొహం గుర్తుంది. చెప్పులూ గుర్తున్నాయి. కుడిచెప్పు బయటివైపు అరిగి ఉండేది.

పంతొమ్మిదేళ్ల వయసులో అతను ఈ గేటులోకి వచ్చింది బూట్లు కుట్టడానికి కాదు. ఎంపికకి వచ్చాడు. పాదాలు చదునుగా ఉన్నాయని అరగంటలో బయటికి పంపేశారు. "యూనిఫాం లేకుండా ఇంటికి రాకు" అని అతని తండ్రి అదే గేటు దగ్గర చెప్పి అప్పటికే బస్సెక్కేశాడు. గోడ పక్కన కూర్చుని ఏడుస్తుంటే అప్పటి బూట్ల పనివాడు చూసి, తోలుకి కన్నాలు పొడిచే ఆరె ముందుకి చాపి, "ఏడుపు తరవాతగానీ, ఆరె పట్టుకోవడం వచ్చా?" అన్నాడు. రాదు. ఇప్పుడు నలభై ఒక్క ఏళ్లుగా ఆ ఆరె అతని చేతిలోనే ఉంది. తండ్రి చెప్పిన మాట మాత్రం తప్పలేదు. యూనిఫాం రాలేదు, ఇంటికి వెళ్లలేదు.

బల్లదీపం దగ్గరికి లాక్కుని బూట్లు ముందు పెట్టుకున్నాడు.

బూటు దొరికితే మనిషి దొరికినట్టే. ఇది నడిచిన మనిషి బూటు కాదు. నడిచేవాళ్ల బూటు మడమ దగ్గర అరుగుతుంది. దీని మడమ దాదాపు కొత్తదే. అరిగిందంతా ముందర, వేళ్ల కొస దగ్గర. పైతోలు మీద మడత చాలా లోతుగా, అడ్డంగా పడి ఉంది. రోజుకి పది గంటలు వేళ్లు వెనక్కి విరిచి కూర్చుంటే తప్ప అలాంటి మడత పడదు. అంటే ఈ మనిషి పనంతా మోకాళ్ల మీదే. తోటపనా? సోల్ గాట్లలో మట్టి లేదు. మామ ఆరె కొసతో ముందరి కుట్టుని కొద్దిగా గీరాడు. మూడు పూతల నల్లరంగు కింద తెల్లటి పొడి.

వేలికి అద్దుకుని నాలుక మీద పెట్టుకున్నాడు. తెల్ల సిమెంట్.

టైల్స్ మేస్త్రీ.

కుర్రాడి ఫైలు చూడక్కర్లేదు. చేరిన రోజు గేటు దగ్గర గుమాస్తా పెద్దగా చదివిన వివరాలు అతనికి గుర్తే. తండ్రి వృత్తి: నేలకి టైల్స్ వేయుట.

దొంగ దొరికాడు. టైము ఇంకా పది కాలేదు. లేచి క్యాప్టెన్ దగ్గరికి వెళ్లి రెండు ముక్కలు చెబితే సరిపోతుంది. మామ లేచాడు కూడా. గోడకి అంటించిన కాగితం మీద అతని కళ్లు ఆగిపోయాయి.

కొత్త క్యాడెట్ల తల్లిదండ్రులకి సూచనలు. మొత్తం పద్నాలుగు. గేటు దగ్గర వీడ్కోలుకి ఒక్క నిమిషం చాలు, ఏడవాలనుంటే బస్సెక్కాక ఏడవండి. ఆరు వారాలు ఫోను రాదు, కంగారుపడి ఆఫీసుకి చెయ్యకండి. ఉత్తరాలు తరచుగా రాయండి, ఇంట్లో కష్టాలు రాయకండి. తినేవి పంపకండి. తొమ్మిదోది: చేరే రోజుకి బూట్లు వెన్నలా మెత్తబడి ఉండాలి, లేనిచో అభ్యర్థిని వెనక్కి పంపవచ్చు.

ఆ తొమ్మిదోది చెప్పి రాయించింది అతనే. ఇరవై ఏళ్ల కిందట ఆఫీసు గుమాస్తా కాగితం పట్టుకొచ్చి, "మామా, బూట్ల గురించి ఓ ముక్క చెప్పు" అంటే మేకులు తీసి ఓ ముక్క చెప్పాడు. వెనక్కి పంపడం అన్న మాట గుమాస్తా కలిపాడు. బూట్లు ఎవరి కాళ్లకి మెత్తబడాలో చెప్పాలని ఇద్దరికీ తోచలేదు. చెప్పాల్సిన అవసరం ఉందని ఎవరనుకుంటారు?

మామ బూట్లు చంకలో పెట్టుకుని ఆస్పత్రి గది వైపు నడిచాడు.

కుర్రాడు మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. మడమలకి కట్లు. మామ మంచం కొసన కూర్చుని పాదాలు చూశాడు. సన్నటి మడమ. బొటనవేలికన్నా పక్కవేలు పొడుగు. బూటు లోపలి అట్టమీద ఉన్న అచ్చులో బొటనవేలే పొడుగు. చేరిన రోజు ఈ పాదాన్ని ఒక్కసారి చూసి ఉంటే సరిపోయేది. మూడువందల జతలు, ఒక్కో జతకి రెండు నిమిషాలు. బూటు వంచి చూశాడు, వెన్నలా వంగింది, లేసుల కింది నాలుక వెనక ముద్ర కొట్టాడు.

"ఎవరు తొడిగారు ఇవి?"

"నేనే తాతా."

"టైల్స్ పని వచ్చా నీకు?"

కుర్రాడు మొహం గోడవైపు తిప్పుకున్నాడు. గోడకే చెప్పాడు.

"మొదటిరోజు రెండు గంటలు తొడిగితే మడమ తోలు లేచిపోయింది. నాన్న మందు రాశాడు. మర్నాడు లేచేసరికి బూట్లు లేవు. పనిలోకి తొడుక్కుపోయాడు. నా కాళ్లు ఎలాగూ మొద్దుబారినవేలేరా, నువ్వు చదువుకో అన్నాడు. నలభై రోజులు తాతా. ఆయన కాళ్లు కొట్టుకుపోతే మా అమ్మ చూసి తిట్టింది. నవ్వాడు."

"ఈ సంగతి ఆయనకి తెలుసా? బూట్ల వల్లే ఇలా అయిందని?"

"తెలీదు. ఆఫీసువాళ్లు కబురు పెడితే బస్సులో వస్తున్నాడు. చెప్పకు తాతా. నేనే తొడిగానని క్యాప్టెన్‌కి రాసిచ్చేస్తాను."

"సంతకం ఆరకముందే ఇంటికి పంపిస్తారు. ఇక్కడ కాలు పుచ్చినా ఉంచుకుంటారుగానీ, అబద్ధం ఆడితే ఉంచరు. ఒంట్లో బాగాలేదని చెప్పు, పడుకో. ఏమీ రాయకు."

"మరి నిన్ను దొంగ అంటారంట కదా?"

"నాకేంరా? నోట్లో మేకులుంటాయి. ఎవడేం అడిగినా బదులు చెప్పక్కర్లేదు."

మధ్యాహ్నం రెండు గంటలకి గేటు కాపలావాడు ఒక మనిషిని మామ పనిచేసే షెడ్డులోకి తోశాడు. "మామా, పెద్దాయన చెప్పు తెగింది. ఇలా కుంటుతూ లోపలికి పోతే బాగుండదు, రెండు కుట్లు వెయ్యి."

మామ తలెత్తలేదు. కాళ్లు చూశాడు. ప్రతి వేలి కణుపు మీదా కాయ కాసి ఉంది. గోళ్ల సందుల్లో తెలుపు. మడమలు వెడల్పుగా, రొట్టెముక్కల్లా ఉన్నాయి. పొద్దున్నుంచీ అతని బల్లమీద ఉన్న బూట్లకి ఇప్పుడు మనిషి వచ్చాడు. మామ ఒక గుడ్డ తీసి బూట్ల మీద కప్పాడు.

"మా వాడు ఇక్కడే ఉన్నాడన్నా. రెండువందల పదిహేడు." మేస్త్రీ స్టూలు మీద కూర్చున్నాడు, కూర్చోలేక మళ్లీ లేచాడు. "వాడికి ఎవడో పాత బూట్లు అంటగట్టాడంట. గేటు దగ్గర చెప్పుకుంటున్నారు. ఎవడన్నా ఆ దొంగ? నువ్వు ఇక్కడివాడివే కదా, తెలిసే ఉంటుంది."

మామ నోట్లో మేకులున్నాయి. తల అడ్డంగా ఊపాడు.

"మేం పంపిన బూట్లు ఎలా ఉన్నాయనుకున్నావు? వెన్న! చిన్నపిల్ల తొడుక్కున్నా కందదు. నాకు తెలుసు." అతను చప్పున ఆగి, ఏదో గుట్టు దాచుకున్నవాడిలా నవ్వాడు. "ఎలా తెలుసో అడక్కులే. ఇక్కడెవడో కాజేసి, మా వాడికి వేరేవి ఇచ్చాడు. వాడి కాలు తీసేయాల్సి వస్తే ఉంటుంది చూడు, ఆ దొంగని నేనేం చేస్తానో నాకే తెలీదు."

చొక్కా జేబులోంచి మడతలు నలిగిన కాగితం తీశాడు. పద్నాలుగు సూచనల కింద ఎర్రపెన్సిల్ గీతలు. తొమ్మిదోదాని కింద రెండు గీతలు.

"నాకు చదువు అంతంతమాత్రం. మా ఆవిడ చదివితే విన్నాను. ఒక్కటి కూడా తప్పలేదన్నా. గేటు దగ్గర కూడా ఒక్క నిమిషమే. బస్సెక్కాకే ఏడ్చాను."

మామ చెప్పుకి రెండు కుట్లు వేసి, ఇంకో రెండు వేశాడు. తొందరేం లేనట్టు దారం తుంచి, నోట్లో మేకులు తీసి పక్కన పెట్టి, ఆ చెప్పుని వంగి తనే అతని కాలికి తొడిగాడు. నలభై ఒక్క ఏళ్లలో ఇలా ఎవరికీ తొడగలేదు.

"ఇదేంటన్నా, పెద్దవాడివి, నా కాలు పట్టుకోవడం!"

"వదులయిందేమో చూస్తున్నా. వెళ్లు. వాడు లేచే ఉన్నాడు."

మేస్త్రీ వెళ్లాక మామ గుడ్డ తీశాడు. ఆరె అందుకున్నాడు. తనని కాపాడే సాక్ష్యం మొత్తం ఆ కుట్లలోనే ఉంది. కుడిబూటు ముందు కుట్టు దగ్గర మొదలుపెట్టి, ఒక్కో కన్నంలోంచీ తెల్ల సిమెంట్ పొడి గీరి తీశాడు. ఎడమది కూడా. బ్రష్షుతో దులిపాడు, రంగు పూశాడు, ఆరబెట్టాడు. తెల్లపొడి చేతిలోకి ఊడ్చుకుని కిటికీలోంచి ఊదేశాడు. తోలు మీద మడత పోదు. మడతని చదవగలిగినవాడు అక్కడ అతనొక్కడే.

తరవాత మిగిలిన పని చేసుకున్నాడు. పదకొండు జతలు వరసలో ఉన్నాయి. రేపు వాటికి ఎవరొచ్చినా ఇబ్బంది పడకూడదని మేకులు సైజువారీగా డబ్బాల్లో సర్దాడు. పోయిన వారం కూతురు రాసిన ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు. 'ఇక చాలు నాన్నా, నా దగ్గరికి వచ్చెయ్' అని ప్రతి ఉత్తరంలోనూ రాస్తుంది. అయిదుకి అయిదు నిమిషాలుందనగా డాక్టరమ్మ వరండాలో ఎదురైంది. "కత్తి అక్కర్లేదు మామా. చీము దిగుతోంది. మూడు వారాలు మంచం మీద ఉంటే నడుస్తాడు." మామ తలూపాడు.

క్యాప్టెన్ గదిలో ముగ్గురు ఆఫీసర్లు. గోడవారగా మేస్త్రీ, నిలబడే ఉన్నాడు. తన చెప్పు కుట్టిన మనిషే బూట్లు పట్టుకుని లోపలికి రావడం చూసి అతని మొహం మారింది.

"నువ్వా?" అన్నాడు. "నా ఎదురుగా కూర్చుని... నువ్వేనా?"

"మీరు ఆగండి," అన్నాడు క్యాప్టెన్. "మామా, ఎవరు తొడిగారు వీటిని?"

మామ నోట్లో మేకులు లేవు. అందుకని మాట కొంచెం కొత్తగా వినిపించింది.

"తెలీదు సార్. పార్సిల్లో పంపింది కొత్త జతే. చేరిన రోజు బూటు చూశాను, కుర్రాడి కాలు చూడలేదు. చూడకుండానే ముద్ర కొట్టాను. తప్పు అదే. ఆ తప్పు నాది."

"నలభై ఏళ్లుగా బూటు చూసి మనిషి బరువు చెప్పేవాళ్లు మీరు. తెలీదంటే నేను నమ్మాలా?"

"తెలీదు సార్."

ఆ అకాడమీలో అతను నోరు తెరిచి ఆడిన మొదటి అబద్ధం అది. రెండుసార్లు ఆడాడు. బూట్లు బల్లమీద పెట్టాడు. పక్కన ముద్ర పెట్టాడు, పిడి నునుపుదేలిన కొయ్యముద్ర. ఎవరి మొహమూ చూడకుండా గుమ్మం వైపు నడిచాడు. ఎవరూ ఆపలేదు.

"ఇవి మీరు పంపిన బూట్లేనా?" క్యాప్టెన్ మేస్త్రీని అడుగుతున్నాడు. "చూసి చెప్పండి."

"చూసేదేముంది సార్? మావి కావు. మావి..."

మామ గుమ్మంలో వెనక్కి తిరిగాడు. మేస్త్రీ కుడిచెయ్యి బూటు లోపలికి, మణికట్టు దాకా వెళ్లి ఉంది. లోపలి అట్టమీద అయిదు గుంటలు. అతని వేళ్లు వాటిని ఒక్కొక్కటే తడుముతున్నాయి. నలభై రోజులు తన బరువు మోపి తవ్విన గుంటలు. చీకట్లో పెట్టినా ఆ కాలి అచ్చు తనదేనని చెప్పగలడు. అతను చెయ్యి బయటికి తియ్యలేదు.

"తమ్ముడూ," అన్నాడు మామ గుమ్మంలోంచి. "ఊరుకో. పిల్లవాడు బాగానే ఉన్నాడు. ఇంటికి పోదువు గాని."

మేస్త్రీ అతని వైపు చూశాడు. ఆ షెడ్డులో కాలు పట్టుకుని చెప్పు తొడగడం, వదులయిందేమో చూస్తున్నా అనడం, అన్నీ ఆ చూపులోకి వచ్చాయి. బూటులోంచి చెయ్యి తీసి, జత సరిచేసి, ముద్ర పక్కన పెట్టాడు.

"దొంగ ఈయన కాదు సార్," అన్నాడు. "మా వాడి కాళ్లు కొట్టుకుపోతుంటే చూడలేక నలభై రోజులు ఈ బూట్లు తొడిగింది నేను. నా కొడుకు కాళ్లు పాడుచేసింది నేనే."

బల్లమీద ఆ రెండు బూట్లూ, ముందరి భాగం పైకి లేచి, మోకాళ్ల మీద వంగి పని చేసుకుంటున్న మనిషి ఇప్పుడే విప్పి వెళ్లినట్టు ఉన్నాయి.