మేస్త్రీ గారి డబ్బాలు

మా కోడలు (మాజీ కోడలు అనాలట ఇప్పుడు, మావాడు నన్ను సరిదిద్దుతూ ఉంటాడు) ఇల్లు వదిలి వెళ్ళేటప్పుడు సూట్‌కేసులు పట్టుకెళ్ళింది, పిల్లిని ఉంచేసింది. వదిలించుకోవాలని కాదు పాపం. వేరే ఊళ్ళో ఆడవాళ్ళ హాస్టల్లో గది దొరికింది దానికి, అక్కడ జంతువుల్ని రానివ్వరు. "ఇల్లు దొరికేదాకా చూసుకోండి అత్తయ్యా" అంది గుమ్మంలో నిలబడి. "చూసుకోక వీధిలో పారేస్తానా ఏంటి" అన్నాను. ఇల్లు విడిచి పోయే పిల్లతో అన్న ఆఖరి మాట అదీ. నా నోరు అలాంటిది.

నేను టైలర్ని. కొత్త బట్టలు కుట్టను, ఉన్నవి సరిచేస్తాను. పొడుగైన ప్యాంట్లు కత్తిరించడం, ఒళ్ళు చేసినవాళ్ళకి కుట్లు విప్పడం, సన్నబడ్డామని మురిసిపోయేవాళ్ళకి బిగించడం, మళ్ళీ నెల తిరక్కుండా వాళ్ళవే విప్పడం. ముందు గదిలోనే మిషను. పిల్లి పొద్దస్తమానం నేను కుట్టే బట్ట మీదే కూర్చుని నా చేతులకేసి చూస్తూ ఉండేది, ఎక్కడ వంకర పోతుందా అని. అందుకే కోడలు వాడికి మేస్త్రీ అని పేరు పెట్టింది.

నాకూ కోడలికీ పడదని వీధంతా చెప్పుకునేవాళ్ళు. పడదు, నిజమే. ఉప్పు దగ్గర గొడవ, కిటికీ దగ్గర గొడవ, టీవీ సౌండు దగ్గర గొడవ. కానీ ఈ ఇంట్లో నాకు ఎదురు సమాధానం చెప్పే మనిషి అదొక్కతే. మావాడు వాళ్ళ నాన్న పోలిక. అడిగినదానికి తలూపుతాడు, అడగనిదానికి తలుపేసుకుంటాడు. వాళ్ళిద్దరికీ ఎక్కడ చెడిందో నాకు చెప్పలేదు. గొంతు కూడా పెంచకుండా కోర్టుకెళ్ళి సంతకాలు పెట్టేసి వచ్చారు. నన్నెవరూ అడగలేదు. అడిగితే నేను చచ్చినా ఒప్పుకునేదాన్ని కాదు. వాడికి పెళ్ళాం అక్కర్లేకపోవచ్చు, నాకు కోడలు కావాలి మరి.

అది కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసే పని చేస్తుంది. సాయంత్రం షాపు మూసి బస్సు కోసం నిలబడ్డప్పుడు ఫోన్ చేసేది. "మేస్త్రీ ఎలా ఉన్నాడత్తయ్యా?" అంతే, ఇంకో ప్రశ్న లేదు. నువ్వెలా ఉన్నావే అని నా నాలిక చివరిదాకా వచ్చేది. ఏ హక్కుతో అడుగుతాను? విడిపోయిన కోడల్ని తిన్నావా, పడుకున్నావా అని అడిగితే మావాడి తరఫున కూపీ లాగుతున్నానని అనుకోదూ? అందుకని నేనూ మేస్త్రీ గురించే చెప్పేదాన్ని. వాడు బల్లిని చూసి భయపడ్డ ముచ్చట బస్సు వచ్చేదాకా సాగదీసేదాన్ని. బల్లి లేని రోజు బల్లిని పుట్టించేదాన్ని.

అలాంటి మేస్త్రీకి జబ్బు చేసింది. కుండలకొద్దీ నీళ్ళు తాగేవాడు, వీపు మీద ఎముకలు చేతికి తగిలేవి. పిల్లుల డాక్టరమ్మ రక్తం తీసి చూసి, "షుగరు వచ్చిందమ్మా. కిడ్నీలు కూడా దెబ్బతింటున్నాయి" అంది. నేను కుర్చీలో కూలబడ్డాను. పిల్లి మీద ప్రేమతో అని పెద్ద కబుర్లు చెప్పను. ప్రేమ ఉంది, లేకపోలేదు. కానీ ఆ కుర్చీలో కూర్చుని నేను అనుకున్నది ఒకటే: మేస్త్రీ పోతే సాయంత్రం ఫోనూ పోతుంది. ఇక అది నాకు ఫోన్ చెయ్యడానికి కారణమేముంది?

ఇంజెక్షన్ సంగతి ఎలాగో నేర్చుకున్నా. సూది నాకు కొత్తా? తిండి దగ్గరే తలప్రాణం తోకకొచ్చింది. షుగరున్న పిల్లికి పిండి పదార్థం తగ్గాలి, మాంసం ఎక్కువుండాలి. అంటే ఇన్నాళ్ళూ పెట్టిన కరకరలాడే గింజలు బంద్, తడిగా ఉండే డబ్బా తిండే పెట్టాలి. బాగానే ఉంది. కానీ కిడ్నీకి భాస్వరం తగ్గాలట, అదేమో మాంసంలోనూ ఎముకల్లోనూ ఉంటుందట. ఒక జబ్బు తినమన్నది ఇంకో జబ్బు వద్దంటుంది. పిల్లి కడుపులో అత్తాకోడళ్ళు కాపురం పెట్టినట్టుంది.

"రెండింటికీ సరిపోయే డబ్బా ఏదో చెప్పు తల్లీ" అన్నాను. డాక్టరమ్మ అలమారులోంచి ఒకటి తీసింది, ధర చూసి నేను దాన్ని చీర కొంగుతో తుడిచి మరీ వెనక్కిచ్చాను. ఆవిడ నవ్వింది. "ఇదే కొనాలని లేదు. బజారులో దొరికే మామూలు డబ్బాల్లోనే చూసి తీసుకోండి. మెత్తగా ముద్దలా ఉండేది కొనండి, గ్రేవీ వద్దు, ఆ చిక్కదనమంతా పిండే. చేపల కంటే కోడి మాంసం నయం. భాస్వరం ఎంతో డబ్బా మీద రాయరు, కంపెనీని అడగాలి. తిండి మార్చేముందు నాకు చెప్పండి, మందు డోసు కూడా మార్చాల్సి ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యం, తినకుండా సూది వెయ్యకూడదు. వాడికి సయించని గొప్ప తిండి కంటే, వాడు తినే ఓ మాదిరి తిండే మంచిది" అంది.

ఇక చూడండి నా అవస్థ. సూపర్‌మార్కెట్లో పిల్లుల అర దగ్గర కళ్ళజోడు సర్దుకుని నిలబడేదాన్ని. ఎన్ని డబ్బాలు! ప్రతిదాని మీదా నవ్వుతున్న పిల్లే, ఒక్కదానికీ షుగరున్నట్టు లేదు. ముందు వైపు బొమ్మలో కోడి ఉంటుంది, వెనక చీమల బారులాంటి అక్షరాల్లో ముందు నీళ్ళు, తర్వాత గోధుమ పిండి, ఎక్కడో చివర్న కోడి. అబ్బో, మనుషులకి సంబంధాలు చెప్పేవాళ్ళు నయం! మావాడు ఓసారి తోపుడు బండి పట్టుకుని పక్కనే నిలబడి నిలబడి విసిగిపోయాడు. "నాకు ఏనాడైనా ఇంత చూసి కొన్నావా అమ్మా?" అన్నాడు. "నీకు ఇంతకంటే ఎక్కువే చూసి తెచ్చాన్రా, నిలబెట్టుకున్నావా?" అన్నాను. అని నాలిక కరుచుకున్నా. వాడు బండి తోసుకుంటూ సబ్బుల వైపు వెళ్ళిపోయాడు.

డబ్బా మీది నంబర్లకి ఫోన్లు చేశాను. ఒక కంపెనీ అమ్మాయి "భాస్వరమా? అదేం ఫ్లేవరండీ?" అంది. ఇంకొకడు కనుక్కుని చెప్తానని ఇప్పటికీ చెప్పలేదు. పసుపు మూత డబ్బావాళ్ళు మాత్రం మర్యాదగా లెక్క చెప్పారు. డాక్టరమ్మకి వినిపిస్తే, "పర్లేదు, చాలా బాగుంది" అంది. మరీ చవకా కాదు, అలాగని మిషను అమ్ముకోవాల్సినంతా కాదు. కోడి ముద్ద, పిండి లేదు. నాకు లాటరీ తగిలినంత పనైంది. ఆ సాయంత్రం కోడలికి చెప్తే, "మీరు కంపెనీలకి ఫోన్ చేశారా అత్తయ్యా!" అని నవ్వింది. వెళ్ళిన తర్వాత దాని నవ్వు వినడం అదే మొదలు. బస్సొచ్చినట్టుంది, పెట్టేసింది. ఆ బస్సుకి ఓ రోజైనా టైరు పంచర్ కాదు.

మేస్త్రీ గారు అంత తేలిగ్గా తింటారా? గిన్నెలో వేసి, వేడినీళ్ళు కాసిని కలిపి, ముందు పెడితే నిమ్మకు నీరెత్తినట్టు గోడకేసి చూసేవాడు. నేను నేల మీద చతికిలబడి మొదలెట్టేదాన్ని. "తినరా వెధవా. నీ మొహానికి వెండి గిన్నె కావాలా? మీ అమ్మ నిన్ను నా నెత్తిన పెట్టి చక్కా పోయింది, నువ్వు పోతే నేనేం సమాధానం చెప్పాలిరా దానికి? తిను, నా బొంద." అలా ఒళ్ళు మండి అంటూ ఉంటే కాసేపటికి వంగి తినేవాడు. తిన్నాక సూది. కొన్ని వారాలకి వీపు మీద కాస్త కండ పట్టింది. షుగరు దిగింది. కిడ్నీలు బాగుపడవుగానీ ఉన్నచోటే ఉన్నాయని డాక్టరమ్మ చెప్పింది.

ఒకనాడు ఫోన్లో కోడలు "మేస్త్రీ ఎలా ఉన్నాడు" అనలేదు. "అత్తయ్యా, ఇల్లు దొరికింది. పిల్లి ఉన్నా పర్లేదన్నారు. ఆదివారం వచ్చి తీసుకెళ్తాను" అంది.

కనుక్కుని చెప్తానే అని పెట్టేశాను. ఒక్క అబద్ధం చాలు. ప్రయాణానికి తట్టుకోడని చెప్తే అయిపోతుంది, కోడలు నమ్ముతుంది, ఫోన్లు నడుస్తాయి. ఎటూ తోచక డాక్టరమ్మని అడిగితే, "హాయిగా వెళ్ళొచ్చు, మీరే నిలబెట్టారుగా" అంది. నిలబెట్టాను, వెధవ పని చేశాను! రెండు రోజులు మిషను ముందు కూర్చుని ఒకే ప్యాంటు రెండుసార్లు తప్పు కత్తిరించాను. కానీ ఆ పిల్ల హాస్టలు మంచం మీద ఒక్కతే పడుకుంటోందని నాకు తెలుసు. దానికంటూ ఉన్నది ఈ మేస్త్రీ ఒక్కడే. "రావే" అన్నాను.

ఆదివారం మావాడు పొద్దున్నే ఏదో పనుందని వెళ్ళిపోయాడు. కోడలు వచ్చింది. చెప్పులు ఎక్కడ విడవాలో తెలియనట్టు గుమ్మంలోనే నిలబడింది, కొలతలివ్వడానికి వచ్చిన కొత్త బేరంలా. నాకు ఏడుపొచ్చింది. చిక్కిపోయింది. జాకెట్టు భుజాల దగ్గర వదులు. విప్పి ఇటివ్వు, ఓ కుట్టేసిస్తాను అందామనుకున్నా. ఆ చనువు ఇంకా ఉందో లేదో తెలియక డబ్బాలు తేవడానికి లోపలికి వెళ్ళాను.

ఏం మాట్లాడామనుకున్నారు? డబ్బాల గురించి. పసుపు మూతవి సంచిలో పెట్టాను. పచ్చ మూతవి పొరపాటున కూడా ముట్టుకోవద్దు, అది గ్రేవీ అని చెప్పాను. తెరిచింది ఫ్రిజ్‌లో పెట్టు, వాడికి మాత్రం చల్లగా పెట్టకు, వేడినీళ్ళు కలుపు, తిన్నాకే సూది. అది బుద్ధిగా తలూపింది. దేనికీ ఎదురు చెప్పలేదు. నా కోడలు నాకు ఎదురు చెప్పకపోవడం ఎంత దుఃఖంగా ఉంటుందో అప్పుడు తెలిసింది. మేస్త్రీని బుట్టలో పెట్టుకుని, "వస్తానత్తయ్యా" అని వెళ్ళిపోయింది. మళ్ళీ ఎప్పుడని నేనడగలేదు, అదీ చెప్పలేదు.

సాయంత్రం ఫోన్ మోగలేదు. మోగుతుందని ఎందుకనుకోవాలి, పిల్లి దాని దగ్గరే ఉందిగా. మావాడు వచ్చి ఖాళీ గిన్నె చూసి, టీ పెట్టి నా పక్కన ఉంచాడు. వాడి జన్మకి అదే పెద్ద మాట. తాగాను. మిషను మీద బట్ట ఖాళీగా పడుంది, కుట్టబుద్ధి కాలేదు.

మర్నాడు సాయంత్రం మోగింది. ఎత్తేసరికి అవతల ఏడుపు.

"తినట్లేదత్తయ్యా. నిన్నట్నించీ ముద్ద ముట్టలేదు. మంచం కింద దూరాడు. తినందే సూది వెయ్యకూడదుగా, ఇక్కడి డాక్టరు రేపు పొద్దున్నే తెచ్చెయ్యమన్నారు, సెలైన్ పెట్టాలేమో అన్నారు."

"పసుపు మూతేనా?"

"అదే."

"వేడినీళ్ళు?"

"కలిపానత్తయ్యా. అన్నీ మీరు చెప్పినట్టే చేశాను. బతిమాలాను కూడా, పక్కన కూర్చుని ఎంత ముద్దుగా పిలిచానో."

నాకు భయమేస్తే కోపమొస్తుంది, ఏం చెయ్యను. "బతిమాలావా? వాడు నీకేమైనా పెళ్ళికొడుకా? ఒరేయ్ మేస్త్రీ! కొవ్వెక్కిందిరా నీకు? నేను ఊళ్ళో ఉన్న కంపెనీలన్నిటికీ ఫోన్ చేసి, కళ్ళు లాగేలా చదివి తెచ్చిన డబ్బారా అది! ఆ పిల్ల నీకోసం ఇల్లు వెతుక్కుంటే నువ్వు మంచం కింద దూరి దాన్ని ఏడిపిస్తావా? సిగ్గులేదూ?"

"అత్తయ్యా" అంది అది మెల్లగా. "ఫోన్ స్పీకర్లో ఉంది. తల బయటికి పెట్టాడు."

నేను ఆగాను.

"ఆపకండి! ఆపకండి, వస్తున్నాడు."

తిట్టమంటే నాకు కరువా? రోడ్డు మీదికి వినిపించేలా అందుకున్నాను. వాడి మీసాల్ని తిట్టాను, బల్లికి భయపడ్డ రోజుని తిట్టాను. అవతల గిన్నెలో నాలిక చప్పుడు వినిపిస్తోంది. వాడి వంతు తిట్లు అయిపోయాయి, అయినా ఆపకూడదుగా. "నువ్వు మాత్రం తక్కువ తిన్నావా! మావాడితో పడకపోతే వాడికి విడాకులివ్వు, నాకెందుకిచ్చావే? నేనేం చేశాను? ఉప్పు దగ్గర నాలుగు మాటలన్నానా? అంటే నువ్వు నాలుగు అనలేదూ? ఇంట్లో చీమ చిటుక్కుమంటే వినిపిస్తోంది. జాకెట్టు వేలాడుతుంటే ఇలా తే, కుడతానని అనలేకపోయానే నిన్న. ఆ మాత్రం చనువు లేకుండా చేసి పోయావు కదే" అన్నాను.

అవతల ఖాళీ గిన్నె నేలకి గీసుకున్న చప్పుడైంది. తర్వాత "మొత్తం తినేశాడత్తయ్యా" అంది. సూది వేసేదాకా నేను ఫోన్ పట్టుకునే కూర్చున్నాను.

"వేశావా?"

"వేశాను."

"సరే, పెట్టేస్తున్నా. రేపు మళ్ళీ మొరాయిస్తే చెయ్యి."

"పెట్టెయ్యకండి."

"ఎందుకే? వాడు తిన్నాడుగా."

"నేనింకా తినలేదత్తయ్యా."