పెద్దాయన బాణీ

ఖనీపా తన ఊరి పేరు పలకదు. మూగది కాదు, నత్తి అసలే లేదు. ఆ నోటికి జడిసి సోవ్‌ఖోజ్ అనే సర్కారు వ్యవసాయక్షేత్రంలో లెక్కలాయన కూడా ఆమె వాకిలి దగ్గర టోపీ సర్దుకుని మరీ పోతాడు. చిక్కల్లా ఏమిటంటే, ఆ ఊరికి ఎసెన్‌బెక్ అని పేరు పెట్టారు. ఎసెన్‌బెక్ ఆమె మొగుడికి తాత. మెట్టినింటి పెద్దల పేర్లు కోడలి నోట రాకూడదు. పదిహేడేళ్ల పిల్లగా గుర్రం దిగి ఈ ఇంట్లో అడుగుపెట్టినప్పుడు అత్తగారు చెవిలో వేసిన మాట అది. ఇప్పుడు అరవై దాటింది, మనవలెదిగారు, మొగుడు యుద్ధానికి వెళ్లి తిరిగి రాలేదు. అయినా ఆమె కోడలే. "ఆ పెద్దలంతా ఎప్పుడో పోయారు కదమ్మా" అని ఎవరైనా అంటే, "పోతే? పోయినంత మాత్రాన మామలు కాకుండా పోతారా?" అని ఎదురడుగుతుంది.

ఎసెన్‌బెక్ ఏ అనామకుడో అయితే ఇంత తంటా ఉండేది కాదు. రెండు తీగల దొంబ్రా మీద ఆయన కట్టిన బాణీలు వినని కజాఖ్ ఇల్లు లేదు. ప్రభుత్వం వారికి ఆయన మీద ఉన్నట్టుండి ప్రేమ పొంగి సోవ్‌ఖోజ్‌కి ఆయన పేరు, బడికి ఆయన పేరు, ఖనీపా ఇల్లున్న వీధికి ఆయన పేరు, ఆఖరికి బస్సు నుదుటి మీది బోర్డుకి కూడా ఆయన పేరే పెట్టారు. పాపం ఖనీపాకు ఎటు కదిలినా నోటికి అడ్డమే. పట్నం నుంచి వచ్చేటప్పుడు "మా ఊరికి ఒక టికెట్" అంటుంది. పాత డ్రైవర్లకు తెలుసు. కొత్తవాడైతే "ఏ ఊరమ్మా?" అంటాడు. "ఈ బస్సు ఇంక ముందుకు పోలేని ఊరు" అంటుంది. ఊళ్లో మగపిల్లల్లో సగం మంది ఎసెన్‌బెక్‌లే. అందరినీ "బంగారూ" అనే పిలుస్తుంది. పిలిచినప్పుడల్లా నలుగురు పరిగెత్తుకొస్తారు, వచ్చినందుకు నలుగురికీ పని చెబుతుంది.

ఇంతటి వినోదాన్ని మరిది ఒస్పాన్ వదులుకుంటాడా? ఆమె కాపురానికి వచ్చేనాటికి అతనిది ముక్కు కారే వయసు. కొత్తకోడలు మరుదులకు కూడా సొంతంగా పేరు పెట్టుకోవాలి కాబట్టి అతనికి 'చిట్టిదొర' అని పెట్టింది. ఇప్పుడు చిట్టిదొరకు బట్టతల, బానపొట్ట. అతను ఎక్కితే గుర్రమే నిట్టూరుస్తుంది. పేరు మాత్రం మారలేదు.

"వదినా, నీకొచ్చిన పార్సిలు మీద వీధి పేరు లేదట. పోస్టాఫీసులో అడుగుతున్నారు. ఇంతకీ ఏం వీధి మనది?"

"మీ ఆవిడ నిన్ను చీపురు పుచ్చుకుని తరిమిన వీధి అని చెప్పు. ఇట్టే తెలిసిపోతుంది వాళ్లకి."

ఇన్ని నవ్వుల మధ్యా ఆమె గుండెలో ఒక ముల్లు ఉంది. 'మంచు విడిచిన పొద్దు' అని ఒక బాణీ. దేశమంతా మనసు పారేసుకున్న బాణీ అది. పెళ్లిళ్లలో అదే, రేడియోలో పొద్దున్న వార్తల ముందూ అదే. కానీ అది ఎసెన్‌బెక్‌దని ఎవరూ అనరు. "ఇప్పుడు ఒక ప్రజల బాణీ" అంటుంది రేడియో. ఆ మాట చెవిన పడగానే ఖనీపా పాలు పితుకుతున్నదల్లా ఆగి, "అవును మరి, ప్రజలంతా వరసలో నిలబడి రెండు తీగలు మీటారు!" అని ఆవుతో అంటుంది.

పెద్దాయన దాన్ని ముసలితనంలో కట్టాడు. కొడుక్కి దొంబ్రా అబ్బలేదు. ఆ ఇంట్లో అది అబ్బింది కొత్తకోడలికి. ఆ పిల్లకే నేర్పి కన్నుమూశాడు. ఆ కొత్తకోడలే తర్వాత ఖనీపాకు అత్తగారైంది, ఖనీపాకు నేర్పింది. అలా ఆ బాణీ ఇద్దరు కోడళ్ల చేతుల మీదుగా బతికింది. కొంప మునిగింది కూడా అక్కడే. యుద్ధానికి ముందు పట్నం నుంచి పాటలు రికార్డు చేసే యంత్రం మోసుకుని వచ్చినవాళ్లు అత్తగారిని దొంబ్రా ఇచ్చి కూర్చోబెట్టి, "ఎవరిదమ్మా ఇది?" అని అడిగారు. "పెద్దాయనది" అంది ఆవిడ. "ఏ పెద్దాయన?" అంటే ముసుగు లాక్కుని మొహం తిప్పుకుంది. వచ్చినవాళ్లు పట్నంలో పుట్టి పెరిగిన కుర్రాళ్లు, కోడళ్ల గోల వాళ్లకేం తెలుసు? ముసలమ్మకు తెలియదనుకుని 'ప్రజల బాణీ' అని రాసుకుపోయారు. తర్వాత ఊరివాళ్లు ఎంత మొత్తుకున్నా, "వంశంవాళ్లు అన్నీ మావే అంటారు లెండి" అని కొట్టిపారేశారు.

ఆ వసంతంలో అల్మాతీ నుంచి జీపులో రౌషన్ అనే అమ్మాయి దిగింది. ముప్పై ఏళ్లుంటాయి, చంకలో టేపు యంత్రం, బూట్ల నిండా బురద. గ్రామఫోన్ రికార్డులు తయారుచేసే సంస్థలో పని. ఎసెన్‌బెక్ బాణీల్లో జనం మెచ్చినవన్నీ ఏరి, మూడు రికార్డులు ఒక పెట్టెలో పెట్టి తెస్తున్నారట. ఖనీపా పాలు పోసిన టీ ఇచ్చి, నూనెలో వేయించిన పిండి ఉండలు, వేడి బౌర్సాకులు ముందు కుమ్మరించింది. అవి ఉన్న చోట ఒస్పాన్ ఎలాగూ ఉంటాడు.

"ఉన్నమాట చెప్పేస్తాను పెద్దమ్మా," అంది రౌషన్. "మీ బాణీ ఆ పెట్టెలో లేదు. అది ఆయనదేనని నాకు అనుమానం లేదు, వింటే తెలియడంలా? కానీ మా కమిటీ ఒప్పుకోదు. నేర్చుకున్నవాళ్లు తమ నోటితో, ఇది ఫలానావారి బాణీ అని టేపు మీద చెప్పాలి. ఆయన ఇంట్లో ఇది నేర్చుకున్నవాళ్లలో మిగిలింది మీరొక్కరే. వచ్చే నెల రికార్డులు తయారీకి వెళ్లిపోతాయి. ఆ తర్వాత నేనేం చెయ్యలేను."

"వాయించమంటే తెల్లవార్లూ వాయిస్తానమ్మాయ్."

"వాయిస్తే చాలదు. పేరు చెప్పాలి."

ఒస్పాన్‌కి పండగ వచ్చినట్టయింది. "చెప్పు వదినా! మొన్న మేకపిల్లని కూడా ఆ పేరుతో పిలిచాడు పక్కింటివాడు, నీకేం?" అన్నాడు. వదిన మొహం చూసి వెంటనే తగ్గాడు. "సరే, ఇప్పుడు ఈ ఇంటికి పెద్ద మగాణ్ణి నేనే కదా. నేను సెలవిస్తున్నాను. పలుకు."

"నీ ముక్కు తుడిచిన చేతులివి. నువ్వా నాకు సెలవిచ్చేది? తిను, తిను. నోరు ఖాళీగా ఉంటే ఊరుకోదు నీకు."

అంది గానీ, ఆమె గోడవైపు తిరిగి కూర్చుంది. యంత్రం తిప్పమని రౌషన్‌కి సైగ చేసింది. టేపు గుర్రుగుర్రుమంటూ తిరుగుతోంది. ఖనీపాకు అది కావాలి. ఆ బాణీ పక్కన ఆ పేరు చేరితే ఇంకేమీ అడగనని ఎన్నోసార్లు అనుకుంది. నోరు తెరిచింది. గదిలో పెద్దలు కూర్చునే పైవరసన పెద్దాయనే కూర్చుని చూస్తున్నట్టు, తన తలమీద గుడ్డ లేనట్టు అనిపించింది. మాట గొంతు దాటలేదు. ఆ పేరు పలకకపోవడమే ఇన్నేళ్లూ ఆమె ఆయనకు చేసిన మర్యాద. ఆ మర్యాద తీసి పక్కన పెట్టి ఆయన పేరు నిలబెట్టమంటే ఆమెకు ఎలా చేతనవుతుంది? కళ్లు తుడుచుకుని వెనక్కి తిరిగింది.

"నావల్ల కాదు తల్లీ. ఆపు."

రౌషన్ టేపు ఆపింది. ఆమె మొహం కూడా చిన్నబోయింది.

ఖనీపాకు దుఃఖం వస్తే దాని వెనకే కోపం వస్తుంది. "అసలు ఎవరమ్మా మీ కమిటీలో అడ్డుపుల్ల వేసేది?"

"కమిటీ పెద్దండీ."

"పేరేమిటి? ఆ యంత్రం మళ్లీ తిప్పు, పేరు పెట్టి పిలిచి నాలుగు వడ్డిస్తాను."

రౌషన్ తన టీలో మళ్లీ చక్కెర వేసుకుంది. "పేరెందుకులెండి పెద్దమ్మా. పెద్దాయన."

"లోకంలో అందరూ పెద్దాయనలే. పేరు చెప్పు."

"మా... అధ్యక్షులవారు."

"అధ్యక్షులవారికి అమ్మానాన్నా పేరు పెట్టలేదా ఏం?"

రౌషన్ చెవుల దాకా ఎర్రబడి, మెడచుట్టూ ఉన్న రుమాలు తలమీదికి లాక్కుంది. ఒస్పాన్ బౌర్సాకు గొంతుకడ్డం పడేలా నవ్వాడు. "వదినా, దొరికిపోయింది! ఆయన ఈ పిల్లకి మామగారు!"

"నిజమేనా?"

"నిజమే పెద్దమ్మా," అంది రౌషన్ తల ఎత్తకుండా. "ఆఫీసులో కూడా అధ్యక్షులవారనే అంటాను. రష్యన్ అమ్మాయిలు నన్ను చూసి నవ్వి చస్తారు."

ఒస్పాన్ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. ఖనీపా మాత్రం నవ్వలేదు. చేతిలో గిన్నె కింద పెట్టింది.

"మీ మామగారి పేరు నువ్వు నాకు చెప్పావా?"

"లేదు."

"ఆయన నీకు మామగారని ఎవరైనా చెప్పారా?"

"లేదు."

"మరి ఈ మొద్దావతారానికి కూడా ఎలా తెలిసింది?"

రౌషన్ తల ఎత్తింది. "నేను... పేరు చెప్పలేదు కాబట్టి," అంది మెల్లగా.

"అదీ! మా అత్తగారిని ఎవరిదని అడిగితే పెద్దాయనది అంది, మొహం తిప్పుకుంది. పక్క ఊరివాడిదైతే వాడి పేరు, వాడి గుర్రం పేరు, వాడు ఎగ్గొట్టిన విందుల సంగతి అన్నీ చెప్పి ఉండేది ఆవిడ. తెలియకపోతే తెలియదనేది. సిగ్గుపడిందంటే ఎవరిని తలుచుకుని సిగ్గుపడింది? తిప్పు యంత్రం."

టేపు మళ్లీ తిరిగింది. ఈసారి ఖనీపా గోడవైపు తిరగలేదు.

"నేను ఖనీపాను. ఈ బాణీ నాకు మా అత్తగారు నేర్పింది. ఆవిడకి ఆవిడ మామగారు నేర్పాడు. కట్టింది ఆయనే. ఆయన పేరు నేను చెప్పను. మా అత్తగారూ చెప్పలేదు. బాబూ కమిటీ పెద్దాయనా, మీ కోడలు కూడా మీ పేరు చెప్పదు. ఇందాక ఎంత కుళ్లబొడిచినా చెప్పలేదు, బంగారంలాంటి పిల్ల. పరాయివాడి బాణీ అయితే మా నోటికి ఈ తాళం ఎందుకు? తెలిస్తే తెలిసింది, తెలియకపోతే ఇంటికెళ్లి మీ ఆవిణ్ణి అడుగు, మీ నాన్నగారి పేరేమిటని."

తర్వాత దొంబ్రా ఒళ్లోకి తీసుకుని 'మంచు విడిచిన పొద్దు' వాయించింది. కోపం మీద ఉందేమో, మామూలుకన్నా కాస్త జోరుగానే వాయించింది. ఒస్పాన్ తినడం మానేసి విన్నాడు.

గొర్రెల ఉన్ని కత్తిరింపులయ్యాక పెట్టె వచ్చింది. గ్రామఫోను ఒస్పాన్ ఇంట్లోనే ఉంది కాబట్టి ఊరు ఊరంతా అక్కడే చేరింది. ముందుగదిలో చోటు చాలక కిటికీల్లోనూ తలలే. ఒస్పాన్ పెట్టె మూత ఎత్తి, కళ్లజోడు పెట్టుకుని, మూడో రికార్డు మీది అక్షరాలు పెద్దగా చదివాడు. "'మంచు విడిచిన పొద్దు'. కట్టినవారు ఎసెన్‌బెక్." మళ్లీ చదివాడు. వదిన కోసమని మూడోసారి కూడా చదివాడు. ఖనీపా నవ్వుతూ చేతి అంచుతో కళ్లు ఒత్తుకుంది. ఆమెకు కడుపు నిండిపోయింది, ఇక వినకపోయినా పరవాలేదనుకుంది.

"పెట్టు చిట్టిదొరా. నా వాయింపు బాగాలేకపోతే మాత్రం ఎవరూ నోరెత్తకండి."

ముల్లు రికార్డు మీద వాలింది. చాలాసేపు గరగర. అది ఖనీపా టేపు కాదు, ఏదో పాత చప్పుడు. దూరం నుంచి ఒక కుర్రవాడి గొంతు, "ఎవరిదమ్మా ఇది?" అంది. ఒక ఆడమనిషి చిన్నగా దగ్గింది.

"పెద్దాయనది."

అల్మాతీలో ఆ మామగారు కోడలు తెచ్చిన టేపు విని, యుద్ధానికి ముందటి రికార్డు వెతికించి తీయించి, ఆ మాటతో సహా అదే వేయించాడు. ఆవిడ పోయి ఇరవై ఏళ్లయింది. ఆ గొంతు మళ్లీ ఈ ఊళ్లో వినిపించింది, వెనకే దొంబ్రా మొదలైంది.

ఖనీపా దిగ్గున లేచింది. తలగుడ్డ సర్దుకుని, రెండు చేతులూ మోకాలి మీద ఆనించి, గ్రామఫోను ముందు వంగి, కోడళ్లు అత్తమామలకు చేసే సలాం చేసింది. కిటికీ దగ్గర ఎవరో కిసుక్కుమని, అంతలోనే ఆపుకున్నారు.

"అమ్మ గొంతు వదినా," అన్నాడు ఒస్పాన్. బట్టతల పెద్దమనిషి కళ్లజోడు తీసేశాడు.

"ఊఁ."

"ఎంతసేపు నిలబడతావు? కూర్చో."

"ఆవిడ కూర్చోమనలేదుగా," అంది ఖనీపా. బాణీ అయ్యేదాకా నిలబడే విన్నది.