నలభైలో ఇరవై ఒకటి

సరిపోయినవి ఇరవై ఒకటి అంటే సగానికి ఒకటి ఎక్కువ, ఆ ఒక్కటీ నా గొప్పేం కాదు, కళ్లు మూసుకుని ఎడమ గిన్నెలోకీ కుడి గిన్నెలోకీ వేసుకుంటూ పోయినా అన్నే కుదిరేవి, పంతొమ్మిదేళ్లుగా ఈ మైక్రోస్కోపు మీద వంగి మెడ వంకరపోయినవాణ్ణి, గోరంత కూడా లేని ఆంఫిపాడ్‌ని, రొయ్యకు దూరపు చుట్టాన్ని, పట్టకారుతో పక్కకు తిప్పి ఇది నాలుగు కిలోమీటర్ల లోతుది, ఇది ఆరుది అని ఇట్టే చెప్పేవాణ్ణి, చెప్పగలననుకునేవాణ్ణి, కొత్తగా చేరిన పిల్ల పొద్దున వచ్చి మాస్టారూ, జన్యు పరీక్షలో రెండు జాతులూ ఒకటే అని వస్తోంది, తప్పు నాదే అయ్యుంటుంది, మీరోసారి చీటీలు చూడకుండా వేరు చేసిపెడతారా అంది, పాపం మర్యాదకు, తాతకు దగ్గులు నేర్పుతున్నావా అని నవ్వాను కూడా, నవ్వి కూర్చున్నాను, నలభై మూతల్లో నలభై పురుగులు, ఏది ఏ లోతుదో రాసిన జాబితా ఆమె జేబులో, తోక దగ్గరి పక్క పలక చివర పన్నులాంటి మొన ఉంటే లోతుది, గుండ్రంగా ఉంటే పైది, నేను రాసిన మాటే, అచ్చులో ఉంది, కానీ దీపం ఇటు తిప్పితే పన్ను, అటు తిప్పితే నున్నన, ఒకదానికి అరపన్ను, ఇంకోదానికి ఎడమవైపు ఉంది కుడివైపు లేదు, పదోదాని దగ్గరే ఇన్నేళ్లూ నేను చేసిందేమిటో తెలిసింది, ముందు సీసా తీయడం, చీటీ మీద లోతు చదవడం, ఆ తర్వాత కంటికి పెట్టడం, ఆరు అని ఉంటే పన్ను దొరికేదాకా తిప్పడం, దొరక్కపోతే వలలో విరిగిందనుకోవడం, నాలుగు అని ఉంటే పన్ను కనబడినా గీత పడిందిలే అని వదిలేయడం.

ఒకటే అని తేలితే ముందు పెట్టిన పేరు ఉంటుంది, తర్వాతది కొట్టేస్తారు, తర్వాతది బావ పేరు, ఆరు కిలోమీటర్ల జాతికి నేను పెట్టింది, అక్క ఆ పేరు అచ్చైన కాగితానికి అద్దం కట్టించి ముందుగదిలో పెట్టింది, ఎవరొచ్చినా ఇదిగో మా ఆయన, ఆరు కిలోమీటర్ల కింద కాపురం, వంట గోల లేదు, చొక్కాలుతికే పని లేదు అని తనే నవ్వుతుంది, ఆదివారం ఫోన్ చేసి ఏరా, మీ బావ ఎలా ఉన్నాడు అంటుంది, సీసాలో హాయిగా ఉన్నాడే అంటాను, బావ ఇక్కడే సీసాలు కడిగి సర్దేవాడు, ఆరు కిలోమీటర్ల వల వేసిన ఏడు ఓడెక్కాల్సింది నేను, ఎక్కింది ఆయన, ఆయన దింపిన వలలోనే ఈ లోతువి పైకొచ్చాయి, కెరటం లాక్కుపోయిన ఆయన మాత్రం రాలేదు, మాస్టారూ, రెండూ ఒకటేనని ఎవరో రాసేకన్నా మీరే రాస్తే నయం కదండీ అంటోంది పిల్ల, తల దించుకుని మూతలు తుడుస్తూ, నిజమే, నయమే, ఒక్క పేజీ చాలు.

అక్కకు చెబితే పోనీలేరా, పురుగే కదా, నువ్వు భోంచేశావా అంటుంది, అంతకన్నా తిట్టినా బాగుండును, ఎవరైనా విద్యార్థి తెచ్చి చూపిస్తే ఇవన్నీ ఒక సీసాలో వేసేయవోయ్ అని పంపేసేవాణ్ణి, మరి ఆ ఏడు మాత్రం లేని పన్నును అంతలా ఎందుకు వెతికాను, అక్క చేతిలో ఏదో ఒకటి పెట్టాలని, పెడితే నువ్వెందుకు వెళ్లలేదురా అని అడగదని, ఆమె అడగనూ లేదు, ఆ పొద్దున నాకు జ్వరం లేదు, సముద్రమంటే వణుకు, దుప్పటి కప్పుకుని మూలిగాను, బావ నా నుదుటి మీద చెయ్యి పెట్టి కూడా చూడలేదు, పడుకోవోయ్, నేను పోయొస్తాలే అని సంచీ సర్దుకున్నాడు, పేరు కొట్టేశాక అక్కకు ఇవ్వడానికి నా దగ్గర మిగిలేది ఈ ఒక్క మాటే.