ట్రయల్ వేయనిదే తీసుకోం

మా అత్తయ్య కుట్టు షాపులో చట్టం ఒక్కటే. కుట్టిన బట్ట ఒంటిమీద వేసి చూసుకోందే ఎవరూ గుమ్మం దాటకూడదు. "ఇంటికెళ్ళి వేసుకుంటాలెండి, బస్సుకి టైమైపోతోంది" అని ఎంత పెద్దమనిషి బతిమాలినా ఆవిడ పొట్లం చేతికిచ్చేది కాదు. "బస్సు ఇంకోటొస్తుంది నాయనా. చంకలో పట్టేసిన చొక్కా మాత్రం మళ్ళీ నా దగ్గరికే వస్తుంది. తెర వెనక్కెళ్ళు" అనేది. ఓసారి ఒక వకీలుగారు కోటు తొడుక్కుని, చేతులు పైకెత్తి, కిందికి దించి, మళ్ళీ ఎత్తి, మళ్ళీ దించి, "సరిపోయిందమ్మా, ఇక పొట్లం కట్టండి" అని దండం పెట్టాకే బయటపడ్డారు.

అలాంటి మనిషి పై అంతస్తులో కిటికీ దగ్గర నోరు మూసుకుని కూర్చుంటే చూడటం నావల్ల కాలేదు.

షాపు కింద, ఇల్లు పైన. తుంటి ఆపరేషన్ అయ్యాక మెట్ల జోలికి వెళ్ళొద్దన్నారు డాక్టరు. అందుకని ఇద్దరు పట్టే చిన్న లిఫ్టు పెట్టించాం. పొద్దున్నే మెడలో టేపు వేసుకుని ఆవిడ అందులో దర్జాగా దిగేది. మేడమీద సోలార్ పలకలు కూడా వేయించాం. "ఇక కరెంటు పోయినా మనకేంటి? సూర్యుడే మన కరెంటాఫీసు" అని మా ఆయన వీధిలో కనపడ్డ ప్రతివాళ్ళకీ చెప్పాడు. ఇంటిల్లిపాదీ అదే నమ్మాం.

మిట్టమధ్యాహ్నం, నెత్తి మాడే ఎండలో, వీధిలో కరెంటు పోయింది. అత్తయ్య లిఫ్టులో ఉంది. లిఫ్టు అటు కిందికీ కాక, ఇటు పైకీ కాక మధ్యలో ఆగిపోయింది. మేడమీద బోలెడంత ఎండ, లోపల ఆవిడకి చీకటి. నేను తలుపు బాదుతూ "అత్తయ్యా, భయపడకండి!" అని అరిస్తే "నాకేం భయం, నువ్వు గోల చెయ్యకు" అని మొదట గట్టిగానే అంది. కాసేపటికి గొంతు సన్నబడింది. ఆ తర్వాత పలకడం మానేసింది. లిఫ్టువాళ్ళొచ్చి చేత్తో తిప్పి పైకి చేర్చేసరికి గోడకి అతుక్కుపోయి, మెడలో టేపుని రెండు చేతులా పట్టుకుని ఉంది. ఆ రోజు నుంచి మళ్ళీ లిఫ్టెక్కలేదు.

"షాపు నువ్వు చూసుకో అమ్మాయ్" అంది.

నేనేం చూసుకుంటాను నా మొహం! కొలతలు తీస్తాను, కాజాలు కుడతాను, మిషన్ మీద కూర్చుంటాను. కత్తెర మాత్రం ఆవిడదే. గుడ్డ పైకి పట్టుకెళ్తే మంచం మీద పరిచి కొన్నాళ్ళు కత్తిరించింది. తర్వాత "చెయ్యి తిరగట్లేదు" అని అదీ మానేసింది. ఒకరోజు భోజనాల దగ్గర కొడుకుతో, ఉప్పు ఇటు జరపమన్నంత మామూలుగా, "షాపు ఎవరికైనా అద్దెకిచ్చేయరా" అంది. ఆవిడ మళ్ళీ కిందికి దిగకపోతే పోయేది షాపొక్కటే కాదు, మనిషే దక్కదు. దింపి తీరాలనుకున్నాను.

ముందు సోలార్ బిగించినవాళ్ళని పట్టుకుని దులిపేశాను. "వీధి కరెంటు పోతే మీ పలకలూ ఆగిపోతాయి మేడమ్. లేకపోతే స్తంభం మీద రిపేరు చేసేవాడికి మీ కరెంటు తగిలి ప్రాణం పోతుంది. అప్పుడు కూడా నడవాలంటే దానికి తగ్గ బ్యాటరీ పెట్టుకోవాలి" అన్నారు.

"ఈ ముక్క ముందే ఏడవొచ్చుగా?"

"మీరు అడగలేదుగా మేడమ్."

ఒళ్ళు మండింది. కానీ స్తంభం మీది మనిషి సంగతి నిజమేగా.

బ్యాటరీల వేట మా ఆయన తీసుకున్నాడు. ఫోన్లో తల దూర్చి, దూర్చి, చివరికి ఒక అమ్మకాలాయన్ని ఇంటికి పిలిపించాడు. ఆయన్ని ఏమడిగినా ఒకటే జవాబు. ఫ్రిజ్ నడుస్తుందా అంటే "పన్నెండు గంటలొస్తుంది మేడమ్." పిడుగు పడితే అంటే "అయినా పన్నెండు గంటలు మేడమ్." ఆయన చెప్పులు విప్పి కూర్చునేలోపే నేను 'పన్నెండుగంటలుగారు' అని పేరు పెట్టేశాను.

"మా లిఫ్టు మోటారు లేస్తుందా?" అన్నాను.

"అన్నీ నడుస్తాయి మేడమ్."

"నడవడం తర్వాత సంగతండీ. ఆగినది లేస్తుందా?"

పన్నెండుగంటలుగారు చేతిలో కాగితాలు అటూ ఇటూ తిప్పారు.

"అయితే ట్రయల్ వేయండి. డబ్బా తెచ్చి, మెయిన్ ఆపి, లిఫ్టు కదిపి చూపించండి."

"బ్యాటరీకి ట్రయలేంటి మేడమ్? అదేమన్నా చొక్కానా?"

"చొక్కాకే ట్రయల్ వేయించే ఇల్లండీ ఇది. లిఫ్టుకి వేయించమా?"

"పరువు తీయకే బాబూ" అని గొణిగాడు మా ఆయన.

పాపం, మర్నాడు తెచ్చాడాయన. మెయిన్ ఆపాం. లైట్లు వెలిగాయి, ఫ్యాను తిరిగింది, టీవీ మాట్లాడింది. మా ఆయన గెలిచినట్టు నావైపు చూశాడు. నేను వెళ్ళి ఖాళీ లిఫ్టు బటన్ నొక్కాను. టక్! లైటు లేదు, ఫ్యాను లేదు, టీవీలో మనిషి మాట మధ్యలోనే పోయాడు. గది తలుపు వారగా నిలబడి అంతా చూస్తున్న అత్తయ్య కర్ర పొడుచుకుంటూ లోపలికెళ్ళిపోయింది. ఎవరో నన్ను చెంపమీద కొట్టినట్టయింది.

వెనకే వెళ్ళాను. "చాల్లే ఈ తంతు" అంది అటు తిరిగి. "నన్ను మళ్ళీ ఆ పెట్టెలో పెడితేగానీ నిద్రపట్టదా నీకు?"

"పట్టదు అత్తయ్యా."

"మొండిదానివి."

"మీ దగ్గర నేర్చిందే."

ఈసారి వేట నేనే మొదలుపెట్టాను. చదవగా చదవగా తెలిసిందేమిటంటే, బ్యాటరీని నీళ్ళ ట్యాంకనుకుంటే చూడాల్సినవి రెండు. ట్యాంకు ఎంత పెద్దదన్నది ఒకటి, దాని పైపు ఎంత లావన్నది ఇంకోటి. మా ఆయన చూసిందల్లా ట్యాంకే. ఆగిన మోటారు లేచేటప్పుడు ఒక్కసారిగా గుబుక్కున కరెంటు లాగుతుంది. పైపు సన్నదైతే ట్యాంకు నిండుగా ఉన్నా ఏం లాభం?

నేను పిలిపించిన బ్యాటరీ ఆవిడ మాట పొదుపు. కుర్చీ చూపిస్తే కూర్చోకుండా "మోటారేదీ?" అంది. దానికి అంటించిన రేకు మీది అంకెలు చదువుకుని, వచ్చి చెప్పింది. "ఒక్కసారిగా గట్టిగా ఇచ్చే రకం పెడతాను. వీధి కరెంటు పోయినా మీ పలకల కరెంటు దీన్లోకి వస్తూనే ఉంటుంది, బయటికి మాత్రం పోదు. కాకపోతే అదే ధరలో గంటలు తగ్గుతాయి. ఏసీ, గీజరు దీనికి తగిలించకండి."

మా ఆయన ఒంటికాలి మీద లేచాడు. "ఏసీ నడవని బ్యాటరీ ఎందుకే? దండగ కాదూ! అవతలాయన పన్నెండు గంటలిస్తానంటుంటే!"

"మీకు చెమట పడితే తువ్వాలుంది. మీ అమ్మకి పట్టిన భయానికి ఏ తువ్వాలుంది?" అన్నాను.

ఆయన తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. తర్వాత తనే "ఏసీ వద్దులెండి. లిఫ్టు పెట్టండి" అని ఆవిడతో అన్నాడు. మంచివాడే, ముందు అరవాలి, అంతే.

"ట్రయల్ వేస్తారా?" అన్నాను.

"వేయకుండా నేనూ అమ్మను" అందావిడ.

ఆవిడ బ్యాటరీ తెచ్చి బిగించిన రోజు మెయిన్ ఆపేశాం. ఖాళీ లిఫ్టు పనికిరాదని, మనిషి బరువుకి సరిపడా కోటు గుడ్డ తానులు లోపల పేర్చి, నేనూ ఎక్కి నిలబడ్డాను. బటన్ మీద వేలు పెట్టానో లేదో, కర్ర చప్పుడు.

"ఏం చేస్తున్నావ్?"

"ట్రయల్ అత్తయ్యా."

"ఎవరి కోసం ఇది?"

"మీ కోసమే."

"తొడుక్కునేది నేనైతే ట్రయల్ నువ్వేస్తావేంటి? దిగు."

నేను దిగాను. మా ఆయన కంగారుగా "ఆగమ్మా, మెయిన్ వేస్తాను, అప్పుడెక్కు" అన్నాడు.

"మెయిన్ వేస్తే ట్రయలెలా అవుతుందిరా? ఆ తానులు కూడా తీసెయ్, నలిగిపోతాయి."

ఆవిడ మెడలో టేపు ఉంది. పొద్దున లేదు, నేను చూశాను. దాని కొన పిడికిట్లో చుట్టుకుని లోపలికెళ్ళింది. "నేనూ వస్తాను" అన్నాను. "ఒక చొక్కాలో ఇద్దరు దూరతారా?" అంది. తలుపు మూసుకుంది.

లైట్లన్నీ ఒక్కసారి తగ్గాయి. అంతలోనే మళ్ళీ వెలిగాయి. మోటారు మూలిగింది, లేచింది, లిఫ్టు కదిలింది. నేను మెట్ల మీద పడి పరిగెత్తాను. నేను కిందికి చేరేసరికి ఆవిడా దిగింది. తలుపు తెరుచుకుంటుందని చూస్తే, లిఫ్టు మళ్ళీ పైకి పోయింది. "అత్తయ్యా!" అంటూ నేనూ పైకి పరిగెత్తాను. మళ్ళీ కిందికి. నేనూ కిందికి. ఊపిరాడక మెట్టు మీద కూలబడ్డాక గానీ నాకు వెలగలేదు. వకీలుగారి కోటు ట్రయల్ అది. చేతులు ఎత్తడం, దించడం, మళ్ళీ ఎత్తడం, మళ్ళీ దించడం. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేశాయి.

ఈసారి తలుపు తెరుచుకుంది. చెమట్లు కారుతున్నాయి ఆవిడకి, తల మాత్రం నిటారుగా ఉంది. కర్ర పొడుచుకుంటూ షాపులోకి నడిచింది. తగిలించి ఉన్న చొక్కా ఒకటి చూసి ఆగింది.

"ఈ కాలర్ కత్తిరించిందెవరు?"

"నేనే అత్తయ్యా."

"విప్పెయ్. నా కత్తెర ఇటివ్వు."

బ్యాటరీ ఆవిడ గుమ్మంలోకొచ్చి "ఎలా ఉందండీ?" అని అడిగింది.

అత్తయ్య కుర్చీలో సర్దుకుని కూర్చుని, కళ్ళజోడు తుడుచుకుంది.

"సరిపోయిందమ్మా" అంది. "పొట్లం కట్టు."