మొర్రిగుంపు ఉన్న మ్యాప్

మా ఆయన వామన్‌రావు గారికి దేవుడు కళ్ళు రెండే ఇచ్చాడు గానీ అనుమానాలు మాత్రం కుప్పలు పోశాడు. పాలవాడు నవ్వితే నీళ్ళు కలిపాడంటారు. నవ్వకపోతే, కలిపాడు కాబట్టే మొహం చాటేస్తున్నాడంటారు. బీమా ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. చచ్చిపోయామని కాగితం పెట్టినవాళ్ళు నిజంగా చచ్చిపోయారా లేదా అని ఆరా తీసే సీటు ఆయనది. ఆ సీటు వదిలినా ఆ బుద్ధి వదల్లేదు.

ఆదివారం వస్తే ఆయన అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఉంటారు. మూసిన షాపుల ముందు పాత పుస్తకాలు పరుస్తారు కదా, అక్కడ. ఆయనకు కావలసినవి పాత మ్యాపులు. నేనూ వెంట వెళ్తాను. సరదాకు కాదు, సంచి నిండిపోకుండా కాపలా కాయడానికి. అక్కడ బేరానికి ఒక శాస్త్రం ఉంది. కావలసిన దాన్ని ముందు ముట్టుకోకూడదు. పక్కనున్న వంటల పుస్తకమో, పాత గైడో ఎత్తి ధర అడగాలి. పెదవి విరవాలి. లేచి నాలుగడుగులు నడవాలి. వెనక్కి పిలిచాక, పోనీలే అన్నట్టు అసలు దాని ధర అడగాలి. బేరమాడకుండా కొనేవాడు అయితే అమాయకుడు, కాకపోతే దొంగ అని మా ఆయన సిద్ధాంతం. అక్కడికొచ్చే పాతకాపులంతా ఔనంటారు.

ఆ ఆదివారం ఖాదర్ భాయ్ దగ్గర ఆయనకు ఒక మ్యాప్ దొరికింది. గుడ్డ మీద అంటించి మడతలు పెట్టిన పెద్ద షీటు. కొండలన్నీ గోధుమరంగు గీతలు, వాగులు నీలం, అడవి లేత ఆకుపచ్చ. చింతవాగు కొండలట. ఇప్పుడది నేషనల్ పార్క్. మ్యాప్ అచ్చేసినప్పుడు పార్కూ లేదు, నేనూ లేను. శాస్త్రప్రకారం బేరం ముగించి, దాన్ని సంచిలో పెట్టుకుని, ఆయన మీసాల్లో నవ్వుకుంటున్నారు. అంతలో ఒక అమ్మాయి ఆయాసపడుతూ వచ్చింది. నర్సు డ్రెస్సు, పైన స్వెటరు, చేతిలో టిఫిన్ డబ్బా.

"ఖాదర్ అంకుల్, మ్యాప్ వచ్చిందని ఫోన్ చేసిన్రు గదా, ఏది?"

ఖాదర్ భాయ్ నాలుక కరుచుకున్నాడు. "అరె బేటీ, డ్యూటీల ఉన్నవ్, రావేమో అనుకున్న. ఇప్పుడే సాబ్ కొన్నడు."

ఆ పిల్ల మా ఆయన వైపు తిరిగింది. "సార్, అది నాకియ్యండి సార్. మీరు ఎంతంటె అంత ఇస్త."

ఆ మాటతో పని చెడింది. మా ఆయన సంచిని చంకలోకి జరుపుకున్నారు.

"ఎంతంటె అంతనా? గీ పాత కాగితం నీకెందుకమ్మా?"

ఆ పిల్ల దాచకుండా చెప్పింది. పేరు జిప్పోరా, ఖైరతాబాద్‌లో ఒక దవాఖానలో నర్సు. వాళ్ళ ఊరు ఆ కొండల మీదే ఉంది, మొర్రిగుంపు. "పార్క్ అయినంక అడవిల జొరబడి గుడిసెలు ఏసుకున్నరని మమ్మల్ని దిగమంటున్నరు సార్. తాతల కాలం నుంచి ఉన్నమంటె కాగితం చూపెట్టమంటున్నరు. పార్క్ కంటె ముందటి మ్యాప్‌ల మా ఊరుంటె చాలు. జిరాక్స్ చెల్లదంట, అసలుదే కావాలె. మ్యాపుల ఆఫీసుల అప్లికేషన్ పెట్టినం, జవాబు రాలే. రేపే విచారణ."

"కొండ మీది పిల్లకు జిప్పోరా అని పేరేంది?"

"మా నాయన పాస్టరు గారి దగ్గర పని చేస్తుండె సార్. పాస్టరమ్మ పెట్టింది."

"చూసి చెప్త," అని మా ఆయన నా రెక్క పట్టుకుని నాంపల్లి దారి పట్టారు. వెనక్కి చూస్తే ఆ పిల్ల అక్కడే నిలబడి ఉంది. ఖాదర్ భాయ్ ఆమెకు ఏదో చెబుతున్నాడు.

"అదిగో," అన్నారు మా ఆయన. "ఇద్దరు కలిసి ఆడుతున్నరు."

ఇంటికొచ్చి అన్నం కూడా సరిగ్గా తినలేదు. మ్యాప్‌ను మంచం మీద పరిచి భూతద్దంతో పాకడం మొదలుపెట్టారు. గుప్తనిధులన్నారు. గనులన్నారు. చివరికి రిసార్ట్ దగ్గర ఆగారు.

"కొండల మీద రిసార్ట్ కట్టేటోళ్ళు పంపిన్రు. నర్సు డ్రెస్సు అయితె ఎవ్వరు అనుమానపడరని."

"మీరు పడ్డరు గదా," అన్నాను.

ఇంతలో భూతద్దం ఆగింది. రెండు వాగులు కలిసే చోట, గోధుమరంగు గీతల నడుమ, చిన్న చిన్న ఎర్ర గళ్ళు. ఒక్కో గడి ఒక ఇల్లట. పక్కనే సన్నటి అచ్చులో ఊరి పేరు. మొర్రిగుంపు.

"ఉన్నది గదండీ," అన్నాను. "ఆ పిల్ల చెప్పింది నిజమే."

"ఉంటె ఏంది? మ్యాప్ చూసే చెప్పింది."

"మ్యాప్ మన దగ్గర్నే ఉన్నది గదా."

"ఫోన్ల చూసి ఉంటది."

"ఫోన్ల దొరికితె దీనికోసం ఎందుకు ఉరుకొస్తది?"

దానికి ఆయన దగ్గర జవాబు లేదు. జవాబు లేనప్పుడు ఆయన మంచినీళ్ళు అడుగుతారు. తెచ్చి ఇచ్చాను.

అబద్ధమెందుకు, నాకూ కొంచెం అనుమానం తగిలింది. అనుమానం జలుబు లాంటిది, ఒకే ఇంట్లో ఉంటే అంటుకోక మానదు. నెల జీతం మీద బతికే పిల్ల ఎంతంటే అంత ఎలా ఇస్తుంది? వెనక ఎవరో లేకపోతే ఆ ధీమా ఎక్కడిది?

సాయంత్రం ఆ పిల్లే మా ఇంటికి వచ్చింది. అడ్రసు ఖాదర్ భాయ్ ఇచ్చాడట. టీ పెడదామని నేను వంటింట్లోకి వెళ్తే మా ఆయన వెనకే వచ్చి గుసగుసలాడారు.

"ఇప్పుడు చూడు. నోటికొచ్చిన ధర చెప్త. కష్టపడి సంపాదించినోళ్ళు అయితె లబోదిబోమని బేరమాడతరు. ఆడితె ఇచ్చేస్త, ఊరికెనే ఇచ్చేస్త. ఆడకపోతె మాత్రం వెనక ఎవడో ఉన్నట్టె."

నాకూ అది న్యాయంగానే తోచింది. చాలా తెలివైన పరీక్ష అనుకున్నాను కూడా.

ముందుగదిలోకి వెళ్ళి ధర చెప్పారు.  ఆ డబ్బుతో ఆయన మ్యాపులన్నీ రెండుసార్లు కొనుక్కోవచ్చు. ఆ పిల్ల కళ్ళు ఒక్కసారి కిందికి వాలాయి. వేళ్ళు కొంగు లేని చోట కొంగు కోసం వెతికినట్టు డ్రెస్సు అంచు పట్టుకున్నాయి.

"సరే సార్. పొద్దుగాల తెస్త."

మా ఆయన నా వైపు చూశారు, చెప్పలేదా అన్నట్టు.

"నేను అమ్మను," అన్నారు.

"ఎందుకు సార్? మీరు చెప్పిందె ఇస్త అన్న గదా!"

"గందుకే."

ఆ పిల్లకు అర్థం కాలేదు. టీ ముట్టకుండా మెట్లు దిగింది. నేను గేటు దాకా వెళ్ళాను. పరీక్ష పూర్తయింది కదా, ఇక నిజం చెబుతుందేమోనని నా ఆశ.

"ఏం బిడ్డా, జర బేరమన్నా ఆడకపోతివి? అంత పైసా ఏడికెళ్ళి తెస్తవ్?"

"హాస్టల్‌ల అందరి దగ్గర అడుగుత ఆంటీ. నా గొలుసు ఉన్నది." ముక్కు తుడుచుకుంది. "బేరమంటె లేచి నడవాలె గదా ఆంటీ. నేను లేచి ఏడికి పోత?"

 మేమేదో గొప్ప తెలివి చూపించామనుకున్నాను కదా, అది గుర్తొచ్చి సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది. పొద్దున ఎక్కడ దొరుకుతావని అడిగితే, వాళ్ళ తాత విచారణ కోసం వచ్చి నాంపల్లి స్టేషన్ ఎదుటి లాడ్జిలో దిగాడని చెప్పింది.

పైకి వచ్చేసరికి మా ఆయన మ్యాప్‌ను బీరువాలో పెట్టి తాళం వేస్తున్నారు. పెళ్ళయినప్పటి నుంచి అంత గొంతు నేను ఎన్నడూ చేయలేదు.

"మీరు ఖాదర్ భాయ్ ముందట లేచి నాలుగడుగులు పోయిన్రు. మ్యాప్ దొరకకపోతె ఇంటికొచ్చి పప్పుచారు తింటరు గనక పోయిన్రు. ఆ పిల్లకు వెనక్కి వచ్చెతందుకు ఇల్లు ఉంటదా? బేరం ఎట్ల ఆడతది? పొద్దుగాల నేను ఇచ్చొస్త. తాళం ఇయ్యండి."

ఆయన మంచినీళ్ళు అడిగారు. నేను తేలేదు.

చివరికి ఆయనే అన్నారు, "నేను గూడ వస్త. అసలు ఆ ముసలోడు లాడ్జిల ఉన్నడో లేడో చూద్దాం."

ఉన్నాడు. మంచం ఖాళీగా ఉంచి, గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. బక్కమనిషి, భుజాన తువ్వాలు. మా ఆయన మొదట ముసలాయన పాదాలు చూశారు. అది బీమా ఆఫీసు చూపు. పగిలి, రాళ్ళకు అరిగి, వేళ్ళు విచ్చుకుపోయిన ఆ పాదాలను ఏ రిసార్ట్ వాడూ తయారుచేయలేడు. మా ఆయన సంచిలోంచి మ్యాప్ తీసి మంచం మీద పరిచారు.

"తీస్కో బిడ్డా," అన్నారు జిప్పోరాతో. ఆ పిల్ల రెండు చేతులతో నోరు మూసుకుంది.

ముసలాయన మ్యాప్ చూడలేదు. మా మొహాలు చూశాడు.

"ఎంత?"

"ఏమొద్దు తాతా," అన్నాను నేను, పొంగిపోతూ.

"ఏమొద్దా?" ముసలాయన మొహం మారిపోయింది. మనవరాలి చెయ్యి పట్టి వెనక్కి లాగి, బొటనవేలు లోపలికి మడిచి పిడికిలి బిగించాడు. "నేను ముద్ర ఎయ్య."

"ముద్ర ఎవ్వరడిగిన్రు?" అన్నారు మా ఆయన.

"ముందట ఎవ్వరడగరు. మా చుట్టుపట్టు ఊర్లకు గూడ కాగితాలు ఊరికెనే పంచిన్రు. మంచి కాగితమన్నరు. ఊరోళ్ళు ముద్ర ఏసిన్రు, కొండ దిగిపోయిన్రు. పైసలు తీసుకోకుండ ఇచ్చే కాగితం నాకొద్దు. ముట్టకు పిల్లా!"

జిప్పోరా ఏడుపు గొంతుతో ఏదో వాళ్ళ భాషలో చెప్పింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. విచారణకు టైమవుతోంది. నేను దేవుడి మీద ఒట్టేశాను. ఒట్టేసిన కొద్దీ ముసలాయన కళ్ళు ఇంకా చిన్నవయ్యాయి. అంత మంచితనం చూపిస్తే నేనైనా నమ్మను మరి.

అప్పుడు మా ఆయన పంచె ఎగదోపి ముసలాయన పక్కన నేల మీద కూర్చున్నారు. ఇన్నాళ్ళకు ఆయనకు తన అనుమానాల జాతి మనిషి ఒకడు దొరికాడు.

"కరెక్టే తాతా. నమ్మొద్దు," అన్నారు. "నేనైనా నమ్మకపోదును. నువ్వు ముద్ర ఎయ్యొద్దు, ముట్టుకోవద్దు. నేను పట్టుకొని మొత్తం చదువుత. ఒక్క అక్షరం విడిచిపెట్ట. ఏడ అనుమానమొస్తె గాడ ఆపు."

మ్యాప్‌ను ఒళ్ళోకి తీసుకుని ముందు తిరగేసి చూపించారు. "ఎనుక ఏం రాసిలేదు, ఉత్త గుడ్డ." మళ్ళీ తిప్పారు. అంచున అచ్చేసిన సంవత్సరం చదివారు. అంగుళానికి ఎంత దూరమో చదివారు. ఏ రంగు దేనికో చదివారు. ముసలాయన ఆ వేలు ఎటు పోతే అటు చూస్తున్నాడు. ఒకచోట ఆపి, ఆ నల్లగీత ఏందని అడిగాడు. బండ్లబాట అన్నారు మా ఆయన. ఔ, బాట ఉండె, అన్నాడు ముసలాయన.

తర్వాత ఊళ్ళ పేర్లు మొదలయ్యాయి.

"చీమలబండ."

"పోయింది," అన్నాడు ముసలాయన.

"వెదురువాగు."

"పోయింది."

"పాలచెట్టుగూడెం."

"అది గూడ పోయింది. నా చెల్లెను గాడనె ఇచ్చినం."

ఒక్కో పేరుకూ మా ఆయన గొంతు తగ్గుతూ వచ్చింది. అచ్చులో అన్నీ ఉన్నాయి, ఎర్ర గళ్ళతో సహా. జీలుగుమడుగు పోయింది. కొండెంగలగుట్ట పోయింది. జిప్పోరా గోడకు తల ఆనించి కళ్ళు మూసుకుంది. బయట స్టేషన్ దగ్గర ఆటోవాళ్ళు సవారీల కోసం అరుస్తున్నారు.

"మొర్రిగుంపు," అని చదివారు మా ఆయన.

 ముసలాయన మొహం మ్యాప్ మీదికి వంచాడు. ఆయనకు చదువు రాదు. అయినా ఆ వాగులు రెండూ కలిసే చోటు చూసి గుర్తుపట్టాడని నాకనిపించింది.

"మల్లొక్కపారి సదువు."

"మొర్రిగుంపు."

"ఉన్నది," అన్నాడు. గోడ పట్టుకుని లేచి, చెప్పులు తొడుక్కుని, మా ఆయన వైపు తిరిగాడు. "పా సారూ. నువ్వే పట్టుకో. గాడ విచారణల గూడ గిట్లనె సదువు, అన్ని ఊర్లు సదువు."